రెండిళ్ళకీ ఒకటే ఆట

"ఈ ఆట ఆడేందుకు మీకు అనుమతి లేదు" అని టీవీ తెరమీద తెల్లటి అక్షరాలు వచ్చి పావుగంటయింది. వాటిని ఎవరూ తీసెయ్యలేదు. తీసేస్తే ఎక్కడ నిజమైపోతుందోనన్నట్టు అందరూ వాటివంకే చూస్తున్నారు.

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కొక్క బొమ్మమీదా నొక్కి చూసింది. కార్ల పందెం, ఇటుకల కోట, దయ్యాల హోటలు. ఏది నొక్కినా అదే జవాబు. మొత్తం ఇరవై ఏడు ఆటలు. ఆరేళ్ళుగా అన్నదమ్ముల ఇళ్ళు రెండూ కలిసి, ఒక్కొక్కటిగా పోగేసుకున్నవి.

"అమ్మా, నానమ్మ చెరువు కూడా పోయింది," అంది పిచ్చుక.

అసలు దెబ్బ తగిలింది అక్కడే. నానమ్మ చెరువంటే చేపలు పట్టే ఆట. రోజూ సాయంత్రం ఆరింటికి ఇక్కడ ఈ సోఫాలో నానమ్మ, ఊరికి ఆ చివర పెద్దకొడుకు ఇంట్లో ఆయన కూతురు, పదిహేనేళ్ళ పొడుగమ్మాయి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకే చెరువులో గాలాలు వేసేవాళ్ళు. పట్టే చేపలకన్నా చెప్పుకునే కబుర్లే ఎక్కువ. పోయిన ఆదివారం గొడవ తర్వాత రెండిళ్ళమధ్యా మాటలు నడిచే దారి అదొక్కటే మిగిలింది.

ఆ ముసలావిడ ఇప్పుడు హెడ్‌ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని, వాటి తీగని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఏమీ అనలేదు. కూరలో ఉప్పు తగ్గినా ఊరుకోని మనిషి అలా ఊరుకోవడం చిన్నకోడలికి వింతగా తోచింది గానీ, ఆ క్షణంలో దానిగురించి ఆలోచించే తీరిక లేకపోయింది. భర్త అప్పుడే తను పనిచేసే డ్రైవింగ్ స్కూలు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చాడు.

తెర చూశాడు. ఆఖరి బొత్తాం పెట్టుకున్నాడు.

"తీసేశారన్నమాట," అన్నాడు.

ఆ ఒక్క మాటలో పోయిన ఆదివారం అంతా ఉంది. మేనమామగారింట్లో పదిమంది మధ్య అన్నగారు నవ్వుతూనే అన్నాడు, మా తమ్ముడింట్లో పిల్ల ఆడుకునే ఆటలు కూడా నా కార్డుమీదే నడుస్తాయని. కార్డు ఆయనదే, నిజమే. కానీ సగం ఎప్పుడూ వీళ్ళే పంపేవారు. నాలుగు నెలలుగా మాత్రం ఆయనే వద్దంటున్నాడు. ఉండనీరా, తర్వాత చూద్దాంలే అని పంపినది వెనక్కి పంపాడు కూడా. డబ్బు పుచ్చుకోకుండా, ఆ మాట దాచిపెట్టుకుని పదిమందిలో విసిరినట్టయింది. తమ్ముడు కంచం ముందునుంచి లేచి వచ్చేశాడు.

"అన్నది చాలక చేసి చూపించాడు."

"మాటంటే అన్నారు గానీ, పిల్లల చేతిలో ఆట లాక్కునే మనిషా బావగారు?"

"ఎలాంటి మనిషో ఆదివారం చూశాంగా." అతను పిచ్చుక తలమీద చెయ్యి వేశాడు. "సాయంత్రం వచ్చేటప్పుడు నేనే కొనుక్కొస్తాను. కొత్తవి. పూర్తి ధర పెట్టి. ఎవరి దయా లేకుండా."

పూర్తి ధర అన్న మాట ఆ ఇంట్లో బూతుమాట కింద లెక్క. పిచ్చుక కూడా ఉలిక్కిపడి తల్లివంక చూసింది.

అలా ఉలిక్కిపడేలా పెంచింది ఆమే. కొత్తగా వచ్చిన ఆటని వచ్చిన వారంలో కొనేవాడు కంపెనీకి కట్నమిచ్చే మామ, ఆరు నెలలు ఆగినవాడు కట్నం పుచ్చుకునే అల్లుడు అని ఆమే ఒక సామెత తయారుచేసింది. ధరలు ఎప్పుడు పడతాయో ఆమెకి కంఠతా వచ్చు. డిస్కు ఉన్న ఆటయితే ఆడేసి, పాడుకాకుండా అమ్మేసి, ఆ వచ్చిన దాంతో ఇంకొకరు ఆడేసినది కొనడం. డిస్కు లేనిదయితే రెండిళ్ళకీ కలిపి ఒకే ఒక్క ప్రతి. ఈ పద్ధతి కనిపెట్టింది తోడికోడళ్ళిద్దరూ కలిసే. ఆరేళ్ళ కిందట పొడుగమ్మాయికి జ్వరం వచ్చి మంచంలో ఉన్నప్పుడు, తలాపున కూర్చుని, కుటుంబం మొత్తానికి ఒకే చందా సరిపోతుందని ఫోన్లో చదివి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగల్లా నవ్వుకున్నారు. మీ ఇద్దరూ కలిసి ఆ కంపెనీచేత దుకాణం మూయించేస్తారని బావగారు అప్పట్లో తెగ ఆటపట్టించేవాడు.

ఆ నవ్వు తలుచుకుంటే, ఖాతా చూసుకునే తోడికోడలు ఈ పని చేసిందంటే నమ్మడానికి ఆమెకి మనసొప్పలేదు.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. ముందు గదిలో కాదు, వెనక గదిలో. ఫ్రేముకి తగ్గట్టు అద్దాల అంచులు అరగదీసి బిగించడం ఆమె పని. ఆ రోజు ఎడమకంటి అద్దాన్ని కుడివైపు కొలతకి పెట్టి మిషను నొక్కబోయి ఆఖరి క్షణంలో చెయ్యి ఆపుకుంది. పన్నెండేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. శనివారం ఒంటిపూటే కాబట్టి, ఒంటిగంటకి తలుపు వేసి ఇంటికి పోకుండా ఈతకొలనువైపు వెళ్ళే బస్సెక్కింది.

పెద్ద తోడికోడలు అక్కడ ఈత నేర్పుతుంది. ఈమె వెళ్ళేసరికి నడుం లోతు నీళ్ళలో నిలబడి, ఒక ఐదేళ్ళపిల్ల పొట్టకింద అరచెయ్యి పెట్టి, వదలనులే వదలనులే అంటూనే వదిలేస్తోంది. గట్టుమీద బెంచీ తడిగా ఉంది. గాలంతా నీళ్ళలో కలిపే క్లోరిన్ వాసన. ఈమెని చూసి చెయ్యెత్తలేదు, అలాగని మొహమూ తిప్పుకోలేదు. పాఠం అయ్యేదాకా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టింది.

తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, బెంచీకి ఆ చివర కూర్చుంది. ఇద్దరిమధ్యా ఇంకో మనిషికి సరిపడా చోటు.

"పాఠాలు ఎక్కువ పెట్టుకున్నావా అక్కా? శనివారం మధ్యాహ్నం ఉండేది కాదుగా."

"రెండు ఎక్కువ పెట్టుకున్నాను."

నీళ్ళలో పిల్లలు కాళ్ళు కొడుతున్నారు.

"ఆటలు ఎందుకు తీసేశావని అడగడానికి వచ్చాను," అంది చిన్నామె. "కోపంగా కాదు. తెలుసుకుందామనే."

పెద్దామె ఆమెవంక తిరిగి చూసింది. ఆ చూపులో నటన లేదు.

"నేను తీసెయ్యడమేమిటి? మీ ఆయనే తీసెయ్యమన్నాడుగా."

ఫోను ప్లాస్టిక్ సంచిలో ఉంది. వేళ్ళ తడి తుడుచుకుని, సంచిలోంచే నొక్కి చూపించింది. నిన్న ఉదయం ఏడూ నలభైకి, భర్త నంబరునుంచే. "మా కుటుంబసభ్యుల పేర్లు మీ ఖాతానుండి వెంటనే తొలగించవలసినది. ఇక అవసరము లేదు."

"ఒకసారి తీసేస్తే ఏడాదిదాకా మళ్ళీ చేర్చుకోవడం కుదరదు, సరేనా అని ఫోను రెండుసార్లు అడిగింది. నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. పగలంతా ఆగాను, రాత్రి అవసరం లేదన్న మాట మళ్ళీ చూసి ఒళ్ళు మండింది. నొక్కేశాను." ఆమె తువ్వాలు కొస పిండింది. "పొడుగమ్మాయి రాత్రి అన్నం తినలేదు. నాతో మాట్లాడటం లేదు."

ఇలాంటి మాట భర్త ఎందుకు రాశాడో, రాసినవాడు పొద్దున్న తెర చూసి అంత అమాయకంగా ఎలా నిలబడ్డాడో చిన్నామెకి అంతుపట్టలేదు. లేవబోతుంటే పెద్దామె మెల్లిగా అంది:

"నీకేమైనా తెలుసా? ఈయన సంగతి."

"ఏమైంది బావగారికి?"

"ఏమీ కాలేదు. లిఫ్టులు బిగించే మనిషి, ఎప్పుడొచ్చినా బూట్లనిండా సిమెంటు తెచ్చేవాడు. గుమ్మం దగ్గర అరిచేదాన్ని. కొన్నాళ్ళుగా బూట్లు అద్దంలా ఉంటున్నాయి." కొలనువైపు చూస్తూ చెప్పింది. "నేను అడగను. అడిగితే చెప్తాడేమోనని భయం."

చిన్నామె తెలియదని తల ఊపింది. అది నిజమే. అప్పటికి నిజమే.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఆ సందేశమే మనసులో తిరగడం మొదలెట్టింది. తొలగించవలసినది. భర్త ఫోన్లో ఏనాడూ మూడు మాటలకి మించి రాయడు. వస్తున్నా అని కూడా పూర్తిగా రాయడు, "వస్తు" అని వదిలేస్తాడు. "అవసరము" అని నిండుగా రాసే ఓపిక ఆ ఇంట్లో ఒక్కరికే ఉంది. ఏడూ నలభై అంటే భర్త స్నానాల గదిలో ఉండే వేళ. ఫోను చార్జింగ్‌లో, అత్తగారి కుర్చీపక్కనే.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసింది. ఈమె వెళ్ళేసరికి ఆవిడ బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. పిచ్చుక కింద ఎవరితోనో తాడాట ఆడుతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"అత్తయ్యా, 'తొలగించవలసినది' అని మీ అబ్బాయి ఈ జన్మలో రాయడు."

ఆవిడ చేతిలో తువ్వాలుని రెండుగా మడిచింది. నాలుగుగా మడిచింది.

"తప్పులేం పోలేదుగా?" అంది.

నవ్వొచ్చే మాటే. ఇద్దరూ నవ్వలేదు. చిన్నకోడలు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది, బట్టలు తనూ అందుకుని మడతపెట్టడం మొదలెట్టింది. తొందరపెట్టలేదు. తొందరపెడితే ఆవిడ నోరు విప్పదని పద్నాలుగేళ్ళ కాపురం నేర్పింది.

సగం బట్టలయ్యాక ఆవిడే మొదలుపెట్టింది. బుధవారం సాయంత్రం పొడుగమ్మాయి మంచినీళ్ళు తాగొస్తానని గాలం వదిలి వెళ్ళింది. మైకు ఆపలేదు, ఆ గదిలో మాటలన్నీ ఈవిడ హెడ్‌ఫోన్లలోకి వస్తున్నాయి. అంతలో ఆ గదిలోకి పెద్దవాడు వచ్చాడు, తలుపు వేసుకున్న చప్పుడయింది. ఎవరికో ఫోన్ చేశాడు. పాత కంపెనీలో పై అధికారికి కాబోలు. అన్నది అన్నట్టే చెప్పింది ఆవిడ, అలవాటైన గొంతుతో, ఒక్క మాట కూడా కలపకుండా: "సార్, ఏ పనైనా చేస్తాను. నాలుగు నెలలైంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"వాడు చిన్నప్పుడు చాక్లెట్టు కూడా అడిగేవాడు కాదమ్మాయ్. పక్కన నిలబడేవాడు అంతే. అలాంటివాడి గొంతు అలా విన్నాను."

చిన్నకోడలి చేతిలో పిచ్చుక గౌను అలాగే ఉండిపోయింది. నాలుగు నెలలు. వీళ్ళు పంపిన సగం వెనక్కి రావడం మొదలైందీ నాలుగు నెలలకిందటే.

"లేనప్పుడు పుచ్చుకోవాలిగా అత్తయ్యా. ఉన్నన్నాళ్ళూ పుచ్చుకుని, లేనప్పుడు వద్దనడమేమిటి?"

"ఉన్నప్పుడు పుచ్చుకుంటే వాటా. లేనప్పుడు పుచ్చుకుంటే సాయం. వాడికది మింగుడుపడలేదు. ఆ మంటే పదిమందిలో అలా కక్కాడు." ఆవిడ గుక్క తిప్పుకుంది. "రెండిళ్ళకీ కలిపి చందా పెద్దది. మనం తప్పుకుంటే చిన్నదానికి మారొచ్చని పిచ్చుకే ఒకసారి చెప్పింది. డబ్బిస్తే పుచ్చుకోడు. ఖర్చయినా తగ్గిద్దామనుకున్నాను. వాడికి పని దొరికాక, రెండు నెలలో మూడు నెలలో, మళ్ళీ చేరిపోవచ్చులే అని."

"ఏడాదిదాకా చేరనివ్వరట అత్తయ్యా."

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"ఏడాదా?"

కింద తాడు నేలకి తగులుతున్న చప్పుడు, పిచ్చుక లెక్కపెడుతున్న గొంతు వినిపిస్తున్నాయి. ఆవిడ మడిచిన తువ్వాలు విప్పి, మళ్ళీ మడిచింది. సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలో తెలియని మనిషిలా కనిపించింది.

"నాకది ఎవరూ చెప్పలేదు," అంది చివరికి. తర్వాత గొంతు సవరించుకుని, "ఎక్స్ఛేంజిలో విన్నది బయటికి పొక్కనివ్వకపోవడమే మా ఉద్యోగం. ఇవాళ నీ దగ్గర తప్పాను. నువ్వు తప్పకు," అంది.

సరేనంది చిన్నకోడలు. అనకుండా ఉండాల్సిందని ఆ వెంటనే అనిపించింది.

ఐదున్నరకి భర్త వచ్చాడు. చేతిలో షాపు సంచి ఉంది. పొద్దున్న ఆ మాట అన్న మనిషి ఎలా వస్తాడని ఆమె ఊహించిందో అలా రాలేదు. సంచి బల్లమీద పెట్టి, నీళ్ళు కూడా అడక్కుండా కూర్చున్నాడు. పిచ్చుక పరుగెత్తుకొచ్చి సంచిలో చెయ్యి పెట్టింది. ఒకే ఒక్క డబ్బా. చేపల ఆట.

ఆమె అలవాటుకొద్దీ బిల్లు తీసి చూసింది.

"సగం ధరే వేశారు. కొత్తదేగా ఇది? తగ్గింపు రోజులు కూడా కావే."

"పిచ్చుకా, కాసేపు బయట ఆడుకోమ్మా," అన్నాడతను. ఆ పిల్ల వెళ్ళేదాకా ఆగాడు.

బజారు మూల పెద్ద షాపుకి వెళ్ళాడట. రెండో అంతస్తులో ఆటల విభాగం. మడతలు ఇంకా పోని కొత్త నీలంచొక్కా వేసుకున్న ఒకాయన నిచ్చెనెక్కి పై అరలోంచి డబ్బాలు దించుతున్నాడు. వెనకనుంచి పిలిచాడు. ఆయన దిగి ఇటు తిరిగాడు.

"అన్నయ్య," అన్నాడు.

ఆమె చేతిలో బిల్లు బల్లమీద పెట్టింది.

"ఏమన్నారు?" అంది ఆమె.

"ఏం కావాలి సార్ అన్నాడు. పక్కనే మేనేజరు ఉన్నాడు." అతను రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని నేలవంక చూస్తున్నాడు. "నేను ఏవేవో పెద్దపెద్దవి కొందామని వెళ్ళాను. ఒక్కటీ గుర్తురాలేదు. చేపల ఆట అన్నాను. వెతికి తెచ్చాడు. అక్కడ పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి సగం ధరట. ఒక కాగితం నింపాలి. నేను అడగలేదు. ఆయనే తీసి నింపాడు. బంధుత్వం అని ఒక గడి ఉంది అందులో. తమ్ముడు అని రాశాడు."

ఖాళీ సంచి మడుస్తూ అన్నాడు:

"మెట్లదాకా వచ్చి, వదినకి చెప్పకు అన్నాడు. అంతే. నేను సరేనన్నాను."

అత్తగారు కుర్చీలో ముందుకి వంగింది.

"కూర్చోడానికి స్టూలైనా వేశారా వాడికి?"

"లేదమ్మా. నిలబడే ఉండాలి."

"ఎడమకాలు లాగుతుంది వాడికి, ఎక్కువసేపు నిలబడితే."

అప్పుడు తల ఎత్తాడతను. తల్లి ఆశ్చర్యపోలేదన్న సంగతి అప్పటికి తట్టింది. తల్లివంక చూశాడు, భార్యవంక చూశాడు. మీకు ముందే తెలుసా అని అడిగాడు. భార్య చూపు తిప్పుకుంది. అదే జవాబుగా పుచ్చుకున్నాడు.

ఆమె ఫోను మోగింది. తోడికోడలు పంపిన సందేశం.

"నొక్కింది నేనే కదా, తప్పు నాదే. బజారు మూల పెద్ద షాపులో ఆటలు బాగా తగ్గించారట, ఎవరో చెప్పారు. రేపు మధ్యాహ్నం నాకు ఖాళీ. పొడుగమ్మాయిని కూడా తీసుకొస్తాను. ఇద్దరం వెళ్ళి చెరో చేపల ఆటా తెచ్చుకుందాం. వస్తావా?"

ఆమె పైకి చదివింది. చదివాక ఫోను బల్లమీద బోర్లా పెట్టింది.

"వద్దని రాయి," అన్నాడు భర్త. "ఏదో పని ఉందని రాయి. లేకపోతే వేరే షాపు పేరు చెప్పు."

"నేను రానంటే ఆవిడ ఆగుతుందా? పిల్లని తీసుకుని ఒక్కతే వెళ్తుంది. నిచ్చెనమీద ఉన్న మనిషిని ఆ పిల్ల కిందనుంచి చూస్తుంది."

"అన్నయ్యకి ఫోన్ చేసి రేపు సెలవు పెట్టమంటాను."

"ఎల్లుండి?"

ఆమెకి ఆ తడి బెంచీ గుర్తొచ్చింది. అడిగితే చెప్తాడేమోనని భయపడుతున్న మనిషి ఏం ఊహించుకుంటోందో ఆడదానికి వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోవడం ఆ ఊహలో లేదు. ఉన్నది అంతకన్నా పెద్దది, ఇంకో ఆడమనిషి. ఈ ఇంట్లో ముగ్గురికి తెలిసిన నిజం, ఆ ఇంట్లో ఆవిడ మోస్తున్న అనుమానంకన్నా ఎంతో తేలికైనది.

ఫోను తిప్పి రాసింది: "షాపు సంగతి తర్వాత చూద్దాం అక్కా. నేనే ఇప్పుడు మీ ఇంటికి వస్తున్నాను."

చెప్పులు వేసుకుంటుంటే భర్త గుమ్మానికి అడ్డంగా వచ్చాడు.

"చెప్పేస్తావా? నేను మాటిచ్చాను ఆయనకి."

"నేనూ ఇచ్చాను, మీ అమ్మగారికి."

ఇద్దరూ ముసలావిడవంక చూశారు. ఆవిడ ఈ మాటలేవీ వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ముప్పై ఏళ్ళు అలవాటు చేసుకున్న మొహం. ఇటు తిరక్కుండానే అంది:

"వెళ్ళేది వెళ్తున్నావు. వాడు ఇంటికి రాకముందే వెళ్ళు."

అంతలో ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆమె పైకి చదవలేదు. చదివి, భర్త చేతిలో పెట్టింది.

"రా. ఈయనా ఇప్పుడే వచ్చారు. ఏదో చెప్పాలంటున్నారు. నువ్వు వచ్చాక వింటానన్నాను."

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. గుమ్మంలోంచి పక్కకి జరిగాడు. మేకుకి వేలాడుతున్న స్కూటర్ తాళాలమీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే నిలబడి, "నేనూ రానా?" అని అడిగాడు.

ఆమె రెండో చెప్పు వేసుకుని, తలుపు తీసి పట్టుకుంది.